కొండ మీది గ్రీకు గుడి, రెండు వేల మట్టిబొమ్మలు: కిత్నోస్‌లో దొరికినవాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

2023 జూన్‌లో గ్రీస్ కల్చర్ మినిస్ట్రీ ఒక ప్రకటన చేసింది. కిత్నోస్ అనే చిన్న దీవిలో, వ్రియోకాస్ట్రో అనే చోట, కొండ మీదున్న పాత గుడి శిథిలాల్లో రెండు వేలకి పైగా మట్టిబొమ్మలు బయటపడ్డాయి, అది కూడా ముక్కలు లెక్కేసి చెప్పిన నంబర్ కాదు, పూర్తిగానో దాదాపు పూర్తిగానో మిగిలిన బొమ్మలే అన్ని. ఎక్కువ భాగం ఆడవాళ్ళవి, పిల్లలవి. కొన్నేమో నాటకాల్లో వేషం కట్టే మగవాళ్ళవి. ఇంకా తాబేళ్ళు, సింహాలు, పందులు, పక్షులు. గుడి మాత్రం చెప్పుకోదగ్గంత మిగల్లేదు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అవే డౌట్లు వస్తాయి. గోడలే సరిగ్గా లేవు, గుడి అని ఎలా అంటున్నారు? డిమిటర్ అనే పంటల దేవతదే అని అంత కచ్చితంగా ఎలా చెప్తారు? అన్ని బొమ్మలు ఒక్కచోట ఎందుకున్నాయి, బంగారం ఏమైంది? ఒక్కొక్కటే విప్పుకుంటూ పోదాం. నా వరకూ అయితే ఈ తవ్వకంలో అసలు సంగతంతా ఆ మట్టిబొమ్మల్లోనే ఉంది, రాళ్ళలో కాదు. ఆ గుడి ఎవరిది, అక్కడికి ఎవరొచ్చారు, ఏం కోరుకున్నారు అనేది చెప్పేది అవే, కాకపోతే అవి చెప్పేది కూడా కొంత వడపోత అయ్యాకే మన దాకా వస్తుంది, ఆ వడపోత ఏంటో తెలియకపోతే తప్పు అర్థం చేసుకుంటాం.

ఊరు పాడుబడింది కాబట్టే ఇదంతా మిగిలింది

కిత్నోస్ ఏథెన్స్‌కి దగ్గర్లోనే ఉంది. ఏజియన్ సముద్రంలో సైక్లాడీస్ అని దీవుల గుంపు ఉంది కదా, అందులో పడమటి వరసలో, కియా దీవికీ సెరిఫోస్ దీవికీ మధ్యలో ఉంటుంది. పాతకాలంలో పెద్ద రాజ్యమేం కాదు. పర్షియన్ల మీద సలామిస్ దగ్గర జరిగిన సముద్ర యుద్ధానికి, క్రీ.పూ. 480లో, కిత్నోస్ వాళ్ళు పంపింది ఒక యుద్ధనౌక, యాభై తెడ్ల పడవ ఒకటి, అంతే. ఈ లెక్క హెరొడోటస్ అనే పాత గ్రీకు చరిత్రకారుడు రాసిపెట్టాడు.

వ్రియోకాస్ట్రో ఆ దీవికి అప్పటి రాజధాని. క్రీ.పూ. 12వ శతాబ్దం నుంచి క్రీ.శ. 7వ శతాబ్దం దాకా జనం అక్కడే ఉన్నారు, ఆ తర్వాత సముద్రపు దొంగల దాడులు తట్టుకోలేక ఇంకా గట్టి చోటు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఏథెన్స్ లాంటి చోట పాత ఊరి మీదే కొత్త ఊరు, దాని మీద ఇంకో ఊరు. ఇక్కడ అలా కాదు, ఊరు ఖాళీ అయ్యాక మళ్ళీ ఎవరూ దాని మీద ఊరు కట్టలేదు. థెస్సలీ యూనివర్సిటీ వాళ్ళు 1990ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు, ప్రొఫెసర్ అలెగ్జాండ్రోస్ మజరాకిస్ ఐనియన్ నడిపిస్తున్నారు.

ఇంకో విషయం ఇక్కడే చెప్పేస్తా, లేకపోతే కన్ఫ్యూజ్ అవుతారు. ఇదే ఊళ్ళో 2002లో ఇంకో సంచలనం జరిగింది, దొంగల చెయ్యి పడని ఒక గుడి గర్భగది దొరికింది, అందులో బంగారం, వెండి, కంచు, దంతం, విలువైన రాళ్ళు అన్నీ కలిపి దాదాపు 1,500 వస్తువులు. క్రీ.పూ. 7వ శతాబ్దపు గుడి అది. 2023లో వార్తల్లోకి వచ్చిన మట్టిబొమ్మలు దానివి కావు, ఊరికి పైన కోట భాగంలో ఉన్న వేరే గుడివి. నెట్‌లో రెండూ కలిపేసి రాసినవి కనిపిస్తుంటాయి, చూసుకోండి.

గుడి లేకపోయినా పూజ జరుగుతుంది, బలిపీఠం లేకపోతే జరగదు

మనకి గుడి అనగానే లోపలికి వెళ్ళి దేవుణ్ణి చూసే చోటు. పాత గ్రీకుల పద్ధతి వేరు. వాళ్ళకి ముందు ఉండాల్సింది ఒక ఆవరణ, అంటే హద్దురాళ్ళో గోడో పెట్టి 'ఇది దేవుడి నేల' అని విడగొట్టిన జాగా. ఆ ఆవరణలో ఆరుబయట బలిపీఠం. జంతువుని బలిచ్చేది, నిప్పులో వేసేది, జనం గుమిగూడేది, అంతా ఆ బలిపీఠం దగ్గరే. మనం స్తంభాలతో ఫోటోల్లో చూసే బిల్డింగ్ దేవుడి విగ్రహానికీ, జనం ఇచ్చిన వస్తువులు దాచడానికీ ఒక ఇల్లు, అంతవరకే.

దీనికి మంచి ఉదాహరణ దక్షిణ గ్రీస్‌లో ఆర్కేడియా ప్రాంతంలో లైకయోన్ కొండ. 1,300 మీటర్ల పైన, శిఖరం మీద జ్యూస్ దేవుడి స్థలం, కానీ ఆ శిఖరం మీద గుడే లేదు. ఉన్నదల్లా బూడిద దిబ్బ, వందల ఏళ్ళ పాటు బలులు ఇచ్చి కాల్చగా పేరుకున్న బూడిద. అందులో దొరికిన ఎముకల్లో ఎక్కువ శాతం మేకలు, గొర్రెల తొడ ఎముకలు, మోకాలి చిప్పలు, తోకలు, గ్రీకు కవులు కూడా దేవుడి వాటా తొడ ఎముకలే అని చెప్పారు కాబట్టి రాతకీ మట్టికీ లెక్క కుదిరింది. 2016లో అదే బూడిదలో ఒక కుర్రాడి అస్థిపంజరం దొరికింది. అక్కడ నరబలి జరిగేదని ప్లేటో కాలం నుంచే ఒక పుకారు ఉంది, దాంతో పేపర్లన్నీ 'పుకారు నిజమైంది' అన్నట్టు రాసేశాయి. అటువైపు వాదన ఏంటంటే, అన్ని ఎముకలూ కాలిపోయి ముక్కలై ఉంటే ఇతన్ని మాత్రం రాళ్ళ మధ్య సరిగ్గా పడుకోబెట్టి ఉంది, ఇది బలి అవ్వాల్సిన అవసరం లేదు, సమాధి కావచ్చు అని. తవ్వినవాళ్ళు కూడా నరబలి అని తేల్చి చెప్పలేదు. ఒక్క అస్థిపంజరం పట్టుకుని అంత దూరం వెళ్ళకపోవడమే న్యాయం అని నాకనిపిస్తుంది.

కాబట్టి కిత్నోస్‌లో గోడలు తక్కువ మిగిలాయి అంటే పూజాస్థలం చిన్నదనో, అది గుడే కాదనో అనుకోకూడదు. చెక్కిన రాయిని తర్వాతివాళ్ళు ఇళ్ళకీ గోడలకీ ఎత్తుకుపోవడం అన్ని దేశాల్లో ఉన్నదే. మట్టిబొమ్మ ఎవడికీ అక్కర్లేదు, అందుకే అది ఉండిపోయింది.

ఏ దేవుడి గుడో తేల్చడం: అఫాయా కేసు

ఏథెన్స్‌కి ఎదురుగా ఉన్న ఈజీనా దీవిలో కొండ మీద ఒక అందమైన గుడి ఉంది, క్రీ.పూ. 500 ఆ ప్రాంతంలో కట్టింది, చాలా స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. 1811లో కాకరెల్, హాలర్ అనే ఇద్దరు, ఒకరు ఇంగ్లీషు, ఇంకొకరు జర్మన్, అక్కడ తవ్వి దాని కప్పు కింద త్రికోణంలో ఉండే శిల్పాలు బయటికి తీశారు (అవి బవేరియా యువరాజు లుడ్విగ్ కొన్నాడు, ఇప్పటికీ మ్యూనిక్ మ్యూజియంలోనే ఉన్నాయి). అప్పట్లో అందరూ ఇది జ్యూస్ గుడి అన్నారు. తర్వాత, శిల్పాల మధ్యలో ఎథీనా దేవత నిలబడి ఉంది కాబట్టి ఎథీనా గుడి అన్నారు. రెండూ తప్పే. 1901లో ఫుర్ట్‌వాంగ్లర్ అనే జర్మన్ పురావస్తు నిపుణుడు అక్కడ ఒక శాసనం కనుక్కున్నాడు, అందులో అఫాయా అనే దేవతకి ఇల్లు కట్టించినట్టు ఉంది. ఈ అఫాయా పేరు ఈజీనా బయట పెద్దగా వినపడదు. తొంభై ఏళ్ళు జనం రాళ్ళ అందం చూసి, శిల్పం చూసి ఊహించారు, తేల్చింది మాత్రం ఒక రాతపలక. ఆ గుడి కట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే అక్కడ జనం ఆడబొమ్మలు, ఒళ్ళో బిడ్డ ఉన్న తల్లుల బొమ్మలు పెట్టి వెళ్ళారు, అవీ దొరికాయి. గుడి ఎవరిదో తెలియని రోజుల్లో కూడా ఆ బొమ్మలు ఒక ఆడ దేవతనే చూపిస్తున్నాయి.

మరి శాసనం లేకపోతే? అప్పుడు వస్తువుల జాబితా చూస్తారు. ఒక్క వస్తువుతో ఏమీ తేలదు, పక్షి బొమ్మ ఏ గుళ్ళోనైనా దొరుకుతుంది. కొన్ని వస్తువులు కలిసి దొరికితే మాత్రం వేరే కథ. కిత్నోస్ కొండ మీద ఆడవాళ్ళ బొమ్మలు, పిల్లల బొమ్మలు, పంది బొమ్మలు, దీపాలు, వీటన్నిటితో పాటు ఎలూసిస్‌లో పూజకి వాడే రకం పాత్రల ముక్కలు దొరికాయి. ఎలూసిస్ అంటే ఏథెన్స్‌కి పడమరగా ఉన్న ఊరు, డిమిటర్ దేవతకీ ఆమె కూతురు పెర్సెఫొనీకీ గ్రీకు లోకం మొత్తంలో అతి ముఖ్యమైన క్షేత్రం. ఇన్ని కలిసి ఒక్క వైపే చూపిస్తుంటే, ఈ గుడి ఆ తల్లీకూతుళ్ళదే అన్నారు.

పంది పిల్లలు, గుంటలు, విత్తనాలు

డిమిటర్ పంటల తల్లి. ఆమె కూతుర్ని పాతాళపు రాజు హేడిస్ ఎత్తుకుపోతాడు, తల్లి దుఃఖంలో పడి భూమి మీద ఏదీ మొలవనివ్వదు, చివరికి ఒప్పందం కుదిరి కూతురు ఏడాదిలో కొంతకాలం పైన, కొంతకాలం కింద ఉంటుంది. ఇది కథ. ఈ కథ చుట్టూ ఉన్న పెద్ద పండగ థెస్మోఫోరియా, పెళ్ళైన ఆడవాళ్ళ పండగ, మగవాళ్ళకి ప్రవేశం లేదు. ఏథెన్స్‌లో శరదృతువులో, విత్తనాలు వేసే ముందు మూడు రోజులు చేసేవాళ్ళు, మధ్య రోజు ఉపవాసం.

అందులో ఒక పని గురించి లూసియన్ అనే పాత గ్రీకు రచయిత రచనల మీద తర్వాతి కాలంలో ఎవరో రాసిన వ్యాఖ్యానంలో వివరంగా ఉంది. పంది పిల్లల్ని నేలలోని లోతైన గుంటల్లోకి వేసేవాళ్ళు. అవి కుళ్ళాక, కొన్ని రోజులు నిష్ఠలో ఉన్న ఆడవాళ్ళు ఆ గుంటల్లోకి దిగి ఆ మిగిలినదంతా పైకి తోడి బలిపీఠాల మీద పెట్టేవాళ్ళు, దాన్ని తీసుకెళ్ళి విత్తనంతో కలిపితే పంట బాగా పండుతుందని నమ్మకం. కింద పడింది కుళ్ళి, పైకొచ్చి పంటకి బలమవుతుంది, పెర్సెఫొనీ కిందికి పోయి పైకి రావడం కూడా అదే వరస.

ఇది రాతలో ఉంది సరే, మట్టిలో ఉందా? ఉంది. ఇప్పటి టర్కీ తీరంలోని క్నిడోస్‌లో డిమిటర్ స్థలాన్ని 1850ల చివర్లో చార్లెస్ న్యూటన్ తవ్వినప్పుడు పంది ఎముకలూ దొరికాయి, చిన్న పాలరాతి పంది బొమ్మలూ దొరికాయి, ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందుకే కిత్నోస్ లిస్టులో 'పందులు' అన్న మాట చూడగానే తెలిసినవాళ్ళు అలర్ట్ అవుతారు. దీపాలు కూడా అంతే, చీకటి పడ్డాక జరిగే పూజలకి అవి గుర్తు. పంది పిల్లని కొనలేనివాళ్ళు పంది బొమ్మ ఇచ్చారా, లేక నిజంగా పందినే బలిచ్చి ఆ జ్ఞాపకంగా బొమ్మ కూడా పెట్టారా అన్నది మాత్రం బొమ్మని చూసి చెప్పలేం.

అచ్చులో ఒత్తిన బొమ్మ నుంచి కాలం లెక్కకట్టడం

ఇలాంటి ఆడబొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంటే అరచేతికి కొంచెం ఎక్కువ ఉంటుంది అనుకోండి. ముందువైపు ముఖం, జుట్టు, బట్ట మడతలు చక్కగా ఉంటాయి. తిప్పి చూస్తే వెనక చాలాసార్లు ఏ పనితనమూ ఉండదు, వేళ్ళతో చదును చేసి వదిలేస్తారు. లోపల డొల్ల, వెనకో అడుగునో ఒక కన్నం, అది లేకపోతే కాల్చేటప్పుడు పగిలిపోతుంది. మడతల సందుల్లో తెల్లటి పూత, దాని మీద ఎక్కడో గులాబీ రంగో నీలమో కొంచెం అంటుకుని ఉంటుంది, ఎందుకంటే ఇవన్నీ అప్పట్లో రంగులేసిన బొమ్మలు, మనం చూసే ఎర్రమట్టి రంగు అసలు రంగు కాదు.

ఇవి అచ్చులో చేసినవి. మట్టి ఆరినప్పుడు, కాలినప్పుడు కుంచించుకుపోతుంది, సుమారు పది శాతం. ఇప్పుడు లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల బొమ్మ ఒకటి ఉంది. ఇంకో కుమ్మరి దాని మీద మట్టి ఒత్తి కొత్త అచ్చు తీసి కాలిస్తే ఆ అచ్చే 18 సెంటీమీటర్లకి తగ్గుతుంది, అందులో వచ్చే బొమ్మ కాలాక 16 పైచిలుకే ఉంటుంది. దాని నుంచి మళ్ళీ అచ్చు తీస్తే 13 పైచిలుకు. ప్రతి తరానికీ బొమ్మ చిన్నదవుతుంది, ముక్కూ నోరూ అరిగిపోయినట్టు అవుతాయి. అంటే ఒకే పోలికలో ఉన్న మూడు సైజుల బొమ్మలు దొరికితే ఏది ముందు, ఏది తర్వాత అనేది వరసలో పెట్టొచ్చు. ఏ ఊరి అచ్చు ఏ దీవికి ప్రయాణించిందో కూడా కొంతవరకూ పట్టుకోవచ్చు. ఏ రాతా లేని బొమ్మ నుంచి ఇంత బయటికి లాగడం నాకైతే ఈ మొత్తం పనిలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆ ముఖం దేవతదా, మొక్కుకున్న మనిషిదా?

దీని మీద నిజంగానే రెండు వర్గాలు ఉన్నాయి. బొమ్మ దేవతదే అనేవాళ్ళు కిరీటం, సింహాసనం లాంటివి చూపిస్తారు. కాదు, వచ్చిన భక్తురాలే తన బొమ్మ పెట్టి వెళ్ళింది, 'నేను ఎప్పుడూ నీ ముందే ఉంటా' అన్నట్టు, అనేవాళ్ళు చేతిలో పంది పిల్లనో నీళ్ళ కుండనో మోస్తున్న బొమ్మల్ని చూపిస్తారు, దేవత తనకి తానే నైవేద్యం మోసుకురాదు కదా. మూడో మాట కూడా ఉంది, అమ్మేవాడి దగ్గర ఏ అచ్చు ఉంటే అదే కొనేవాళ్ళు, ఒకే బొమ్మని ఒకామె దేవత అనుకుని పెట్టి ఉంటుంది, ఇంకొకామె తనే అనుకుని. నేను ఈ మూడోదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఒకే అచ్చు బొమ్మలు వేర్వేరు దేవుళ్ళ గుళ్ళలోనూ, సమాధుల్లోనూ దొరుకుతున్నాయి.

పిల్లల బొమ్మల సంగతీ అంతే. మన దగ్గర కంటి జబ్బు తగ్గితే వెండి కళ్ళు చేయించి మొక్కు తీర్చుకుంటారు, అక్కడ కూడా కొరింత్ అనే పాత గ్రీకు నగరంలో ఆరోగ్యం ఇచ్చే అస్క్లీపియస్ గుళ్ళో మట్టి చేతులు, కాళ్ళు, చెవులు కుప్పలుగా దొరికాయి. పిల్లాడి బొమ్మ అంటే పుట్టాలని కోరిక కావచ్చు, పుట్టినందుకు కృతజ్ఞత కావచ్చు, జబ్బు నుంచి బయటపడ్డాడని కావచ్చు. ఇవ్వడం ఒక్కటే, దాని వెనక కోరికలు అనేకం.

అన్నీ ఒక్కచోటే ఎందుకు, బంగారం ఎటు పోయింది

ఒకసారి ఇచ్చాక అది దేవుడి ఆస్తి, ఆవరణ దాటి బయటికి పోకూడదు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ అరలు నిండిపోతాయి. అప్పుడు పాతవాటిని తీసి ఆవరణలోనే గుంట తవ్వి పూడ్చేసేవాళ్ళు, కొన్నిచోట్ల ఇంకెవరూ వాడకుండా కావాలని పగలగొట్టి మరీ. తవ్వేవాళ్ళకి ఇలాంటి గుంటలు దొరికితే పండగే. కానీ అందులో చిక్కు ఏంటంటే, వందేళ్ళ తేడా ఉన్న బొమ్మలు ఒకే రోజు పూడ్చి ఉండొచ్చు, కాబట్టి గుంట ఎప్పటిది అంటే అందులోని అన్నిటికంటే కొత్త వస్తువు చూసి చెప్పాలి. పాత వస్తువు చూసి చెప్తే పప్పులో కాలేసినట్టే.

లోహాల కథ వేరు. ఏథెన్స్‌లోనూ డీలోస్ దీవిలోనూ గుడి అధికారులు దేవుడి వస్తువుల లెక్కలు రాళ్ళ మీద చెక్కించారు, ఏ గిన్నె ఎంత బరువుతో సహా. చిన్నచిన్న వెండి కానుకలు కరిగించి ఒక పెద్ద పాత్ర చేయించడం మామూలే. యుద్ధం వస్తే ఇంకా ఘోరం, క్రీ.పూ. 407-406లో స్పార్టాతో యుద్ధం చివర్లో ఏథెన్స్ వాళ్ళు బంగారు విజయదేవత విగ్రహాలు కరిగించి నాణేలు కొట్టుకున్నారు. కరిగించని బంగారాన్ని తర్వాత దొంగలు చూసుకున్నారు. చెక్క బొమ్మలు, నేసిన బట్టలు, పూలు, రొట్టెలు మట్టిలో కలిసిపోయాయి. ఇన్ని రకాలుగా పోయేవన్నీ పోయాక మిగిలింది కాల్చిన మట్టి. అందుకని 'పేదవాళ్ళే వచ్చారు కాబట్టి మట్టిబొమ్మలే ఉన్నాయి' అనే మాట నిలబడదు. కిత్నోస్‌లోనే ఇంకో గుళ్ళో మూసి ఉన్న గర్భగదిలో బంగారం కూడా దొరికింది కదా, మామూలుగా ప్రతి గుళ్ళోనూ ఉండి ఆ తర్వాత మాయమైపోయేది అదే.

రెండు వేలు అంటే ఎక్కువా తక్కువా?

వినడానికి పెద్ద నంబరే. లెక్కకోసం ఆ గుళ్ళో బొమ్మలిచ్చే అలవాటు 500 ఏళ్ళు నడిచింది అనుకుందాం. రెండు వేలని భాగిస్తే ఏడాదికి నాలుగు. ఏడాదికి నలుగురే వచ్చారా? కాదు. పూర్తిగా మిగిలింది ఇరవైలో ఒకటి అనుకుంటే ఏడాదికి ఎనభై అవుతాయి, అందరూ బొమ్మలే ఇవ్వరు, ఎక్కువమంది రొట్టె ముక్కో గుప్పెడు గింజలో పెట్టి వెళ్తారు అనుకుంటే ఇంకా పెరుగుతుంది. ఇందులో ప్రతి సంఖ్యా ఊహే, చెప్పొచ్చేది ఏంటంటే బొమ్మల లెక్క భక్తుల లెక్క కాదు. పోలికకి చూస్తే, కొరింత్ కొండ వాలు మీద ఇదే డిమిటర్ ఆవరణలో ముక్కలతో కలిపి 20 వేలకి పైగా దొరికాయి, అక్కడ జనం కలిసి కూర్చుని తినడానికి కట్టిన భోజనాల గదులే పదుల సంఖ్యలో ఉన్నాయి. కొరింత్ మహానగరం, కిత్నోస్ చిన్న దీవి. ఆ లెక్కన చిన్న దీవికి రెండు వేలు, అదీ పూర్తి బొమ్మలు, చాలా పెద్ద సంగతి.

ఎలూసిస్ పాత్రలు, వేషగాళ్ళ బొమ్మలు: ఇంకా తేలాల్సినవి

ఎలూసిస్ రకం పాత్రలు దొరికాయంటే ఎలూసిస్‌తో సంబంధం ఉన్నట్టే, కానీ ఎలాంటి సంబంధం? క్రీ.పూ. 5వ శతాబ్దంలో కిత్నోస్ ఏథెన్స్ నడిపిన కూటమిలో మెంబర్, కప్పం కట్టేది, కాబట్టి ఏథెన్స్ అధికారంతో పాటు దాని పూజా పద్ధతీ వచ్చింది అనొచ్చు. లేదా దీవి జనం స్వయంగా ఎలూసిస్ వెళ్ళి దీక్ష తీసుకుని, తిరిగొచ్చి ఇక్కడ అదే పద్ధతి పెట్టుకున్నారు అనొచ్చు, పడవెక్కితే పెద్ద దూరం కాదు. ఈ రెంటిలో ఏదో కొంత తేల్చగలిగేది పాత్రల మట్టే. ముక్కని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే అందులోని ఖనిజాలు ఏ ప్రాంతపు మట్టో చెప్తాయి. ఏథెన్స్ మట్టి అయితే పాత్రలు మోసుకొచ్చినవి, దీవి మట్టి అయితే ఎలూసిస్ పద్ధతి తెలిసిన కుమ్మరి ఇక్కడే ఉన్నాడు.

ఇంకో ముడి ఉంది, ఇది నాకు బాగా ఆసక్తి. ఎలూసిస్ దీక్ష ఆడా మగా అందరికీ, గ్రీకు తెలిసిన బానిసలకి కూడా. థెస్మోఫోరియా ఆడవాళ్ళకి మాత్రమే. కిత్నోస్ కొండ మీద రెండిటి ఛాయలూ ఉన్నాయి, పాత్రలు అటు లాగుతాయి, పందులూ ఆడబొమ్మలూ ఇటు లాగుతాయి. మరి ఆ మగ వేషగాళ్ళ బొమ్మలు ఎవరు పెట్టారు? మగవాళ్ళూ వచ్చేవాళ్ళని సాక్ష్యం అనుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది: కూతురు పోయిన దుఃఖంలో ఉన్న డిమిటర్‌ని ఇయాంబె అనే పనిమనిషి హాస్యాలాడి నవ్విస్తుంది, ఆ కథ గుర్తుగా ఈ దేవత పండగల్లో ఆడవాళ్ళు మొరటు జోకులు వేసుకునే ఆచారం ఉండేది, కామెడీ వేషగాడి బొమ్మ ఆ నవ్వుకి సరిగ్గా సరిపోతుంది. ఆ బొమ్మలు కొండ మీద ఏ మూల, వేటి పక్కన దొరికాయి అన్న రికార్డుని ఆడబొమ్మల రికార్డుతో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ రెండు దారుల్లో ఏది గట్టిదో తెలుస్తుంది. అన్నీ కలిసే ఉంటే ఒకే పండగ అనే వాదనకి బలం, వేషగాళ్ళవి విడిగా ఒక గుంటలో ఉంటే వేరే జనం, వేరే సందర్భం.